గెట్‌బ్యాక్ పోలేరయ్య

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్."

"నేను సుభాషిణిని మామా. నీ చెల్లెలు పేరమ్మ కూతుర్ని. పుట్టినప్పట్నించీ చూస్తానే ఉండావు గదా!"

"అది మీ అమ్మ గురించి చెప్పినావు. నీ గురించి ఏం చెప్పినావు? వి విల్ గెట్ బ్యాక్ టు యూ. నెక్స్ట్!"

నెక్స్ట్ ఎవరూ లేరు. సుభాషిణి వెనకాల ఒక మేక మాత్రం నిలబడి ఉంది. పోలేరయ్య దాన్ని కూడా ఎగాదిగా చూసి, "రెజ్యూమ్ తెచ్చినావా?" అన్నాడు. మేక తేలేదు. తెచ్చి ఉన్నా దారిలోనే తినేసి ఉండేది.

పోలేరయ్యకున్న అలవాటు ఒక్కటే. ప్రాణమున్నది ఏది కనబడినా ఇంటర్వ్యూ చేస్తాడు. బోగోలు దాటి సముద్రం ఒడ్డునున్న ఆ పాలెంలో ఆయన చేతికి చిక్కనివాళ్ళు లేరు, చిక్కి పాసైనవాళ్ళూ లేరు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన, పోలియో చుక్కలు వేయడానికి వచ్చిన నర్సమ్మ, ఐసు లారీ డ్రైవరు, అమ్మవారి గుడి పూజారి, అందరూ ఆయన ముందు కూర్చుని లేచినవాళ్ళే. పూజారిగారినైతే "మీకు టీమ్ వర్క్ అలవాటుందా?" అని అడిగాడు. "గుళ్ళో నేనూ అమ్మవారే గదయ్యా ఉండేది" అన్నాడాయన. "అయితే ఆవిడ్ని కూడా పిలుచుకొని రండి, అప్పుడు చూద్దాం" అని పంపించేశాడు.

ఈ విద్య ఆయనకు చెన్నైలో అబ్బింది. అక్కడొక కంప్యూటర్ కంపెనీ గేటు దగ్గర పుష్కరం పైగా సెక్యూరిటీగా నిలబడ్డాడు. గేటు పక్కనే గాజు గది. కంప్యూటర్ చదువులు చదివిన పిల్లలను ఆ గదిలోనే కూర్చోబెట్టి అడిగేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆ గాజు సందులోంచి చెవిలో పడిన నాలుగైదు ఇంగ్లీషు ముక్కలే పోలేరయ్య ఆస్తి. ఇంకో ఆస్తి కూడా ఉంది. ఆఫీసువాళ్ళు పాత సామాను పారేసేటప్పుడు తెచ్చుకున్న తిరుగుడు కుర్చీ. దానికి ఉండాల్సిన చక్రాల్లో ఒకటి లేదు.

వలలు బాగుచేసే పాక వెనకాల, ఇసుకలో, ఆ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కింద లుంగీ, పైన మెడ దాకా బొత్తాలు పెట్టిన ఫుల్ చేతుల చొక్కా, మెడలో కంపెనీవాళ్ళిచ్చిన నీలం రిబ్బను. కార్డు వాళ్ళు వెనక్కి తీసుకున్నారు, అందుకని రిబ్బనుకు ఇంటి తాళంచెవి వేలాడుతుంటుంది. ఎదురుగా చేపల ఐసు పెట్టె. అభ్యర్థి దాని మీద కూర్చోవాలి. పెట్టె కిర్రుమంటే "టెన్షన్ పడతా ఉండాడు" అని గాల్లో వేలితో రాసుకుంటాడు. ఇంటర్వ్యూ మొదలైనప్పుడు పోలేరయ్య అభ్యర్థి కంటే మూరెడు ఎత్తున ఉంటాడు. ప్రశ్న ప్రశ్నకీ కుర్చీ ఇసుకలోకి దిగుతుంది. ముగిసేసరికి ఆయన గడ్డం అభ్యర్థి మోకాళ్ళ దగ్గరుంటుంది. పోనీ తిన్నగా మునుగుతుందా అంటే అదీ లేదు. చక్రం లేని వైపుకి ఒరిగి మునుగుతుంది. అందుకే పోలేరయ్య "వి విల్ గెట్ బ్యాక్ టు యూ" అనే మాటను ఎప్పుడూ మెడ వంచి, ఒక చెవి సముద్రానికిచ్చి అంటాడు.

ఆటో టైటస్‌ని ఒకసారి పట్టుకున్నాడు. "ఐదేళ్ళ తర్వాత నిన్ను నువ్వు యాడ చూసుకుంటావు?"

"అద్దంలోనే అన్నా. ఇప్పుడూ ఆడే చూసుకుంటుండా."

"ఎదుగుదల లేదు. నెక్స్ట్!"

వేట నిషేధం రెండు నెలలూ అయిపోయి పడవలు కదిలిన రోజున సుభాషిణి నాయన పెంచల్ వల భుజాన వేసుకుని పాక పక్కగా పోతున్నాడు. పోలేరయ్య ఆపాడు. "రెండు నెల్ల గ్యాపు కనిపిస్తా ఉంది. ఎందుకొచ్చింది?"

"బావా, నిషేధం గదా. చేపలు గుడ్లు పెట్టే కాలమని గవర్నమెంటోళ్ళు ఆపినారు."

"కారణాలు చెప్పొద్దు. ఆ రెండు నెలల్లో కొత్తగా ఏం నేర్చుకున్నావు?"

పెంచల్ వల ఇంకో భుజానికి మార్చుకుని, "పొద్దుగూకులూ ఇంట్లో ఉంటే మీ చెల్లెలికి ఎదురు చెప్పకూడదని నేర్చుకున్నా" అన్నాడు. పోలేరయ్య మెచ్చుకోలుగా తలూపాడు. అయినా సెలెక్ట్ చేయలేదు.

పోనుపోను ఆ మాట పాలెం సొంతమైపోయింది. చేపలు బేరమాడే అయ్యలతో ఆడవాళ్ళు "గెట్‌బ్యాక్, పో పో" అనేవాళ్ళు. సంబంధం కుదరకపోతే "పిల్లోణ్ణి గెట్‌బ్యాక్ చేసినారంట" అనుకునేవాళ్ళు. రాకెట్టు ఎగిరే రోజని పాలెమంతా ఒడ్డున నిలబడి శ్రీహరికోట వైపు చూసి చూసి, ఈరోజు ఎగరదంట అని తెలిస్తే, "గెట్‌బ్యాక్ అయింది రా" అని ఇళ్ళకు పోయేవాళ్ళు. పాలెం భాషలో ఆ మాటకు ఒకటే అర్థం. కాదు. లేదు. అయిపోయింది. ఇంక నీ పని నువ్వు చూసుకో.

ఇంతమందిలో రోజూ తప్పకుండా గెట్‌బ్యాక్ అయ్యేది సుభాషిణి ఒక్కతే. పాలెంలో కంప్యూటర్లో బీటెక్ చేసిన మొదటి పిల్ల. ప్రోగ్రాము రాయమంటే తలెత్తకుండా రాసేది. ఎవరైనా ఎదురుగా కూర్చుని "నీ పేరేంటమ్మా?" అంటే మాత్రం గొంతులో ముల్లు అడ్డం పడినట్టయ్యేది. కాలేజీకి వచ్చిన మొదటి కంపెనీవాళ్ళ ముందు నీళ్ళు అడిగి, తాగి, మళ్ళీ అడిగి, మూడో గ్లాసు అయ్యాక లేచి వచ్చేసింది. ఆ తర్వాత కంపెనీలు రావడమే తగ్గిపోయింది. కోడు కూడా మిషన్లే రాసేస్తున్నాయని, కొత్తవాళ్ళను తీసుకోవడం లేదని, మార్కెట్టు బాగాలేదని కాలేజీ సారు చెప్పారు. ఆ మాట ఇంట్లో చెబితే పెంచల్ తేలిగ్గా తీసుకున్నాడు. "మార్కెట్టు బాగలేకపోతే ఐసేసి పెట్టుకో మే. రేటొచ్చినాక తియ్యి."

"చదువు చేప కాదు నాయనా."

"అవును, చేపైతే ఇన్నాళ్ళుంటే వాసనొచ్చుండేది" అంది పేరమ్మ.

అప్పట్నుంచీ పొద్దున్నే సముద్రం ఒడ్డుకు పోతే చాలు, మామ పిలుపు. తప్పించుకుందామని చుట్టు తిరిగి పోయినా సరే, ఆ పాక వెనకాల నుంచి, "సుభాషిణీ! ప్లీజ్ కమిన్!" తలుపు లేని చోట కమిన్ ఏమిటో ఆయనకే తెలియాలి. ఆ పిల్ల విసుక్కుంటూ ఐసు పెట్టె మీద కూర్చునేది. ఏదో ఒకటి చెప్పేది. గెట్‌బ్యాక్ అయ్యేది. లేచి వచ్చి అమ్మ పెట్టిన సద్దన్నం తినేది. మొదట్లో అలిగేది. తర్వాత వాదించేది. ఆ తర్వాత ఆయనకంటే ముందే "నెక్స్ట్" అని లేచిపోయేది.

అడిగీ అడిగీ అలిసిపోయినప్పుడు పోలేరయ్య ఆఫీసు సంగతులు చెప్పేవాడు. "పొద్దున్నే అందరూ గుండ్రంగా నిలబడి ఎవరేం చేసినారో చెప్పుకుంటారు మే. దాన్ని స్టాండప్ అంటారు. వాళ్ళకి కాసేపే. నాకు గేటు కాడ రోజంతా స్టాండపే."

"పని లేకపోతే ఏం చేస్తారు మామా?"

"బెంచీ మీద పెడతారు. బళ్ళో అయితే బెంచీ ఎక్కించి నిలబెడతారు గదా, ఆడ కూర్చోబెడతారు. రెండూ శిక్షే."

"మరి తిట్టరా?"

"చీ, తిట్టరు. పెద్ద మర్యాదస్తులు. 'మీకు నేను ఇంతకు ముందే మెయిల్ పెట్టినాను' అంటారు. మన ఒడ్డున అమ్మక్కలు చేపల గంప కాడ తిట్టుకునే తిట్లన్నీ అందులోనే వస్తాయి."

ఇట్లా రోజులు పోతుండగా చెన్నైలో ఒక చిన్న కంపెనీ నుంచి సుభాషిణికి పిలుపొచ్చింది. మొదటి రౌండు కంప్యూటర్ మీదే రాసి పంపించింది, పాసయింది. రెండోదానికి మనిషి పోవాలి. పెంచల్ అన్నాడు, "పో మే, పోయిరా. నేను వొద్దనను. ఈసారి రాకపోతే మటుకు వచ్చే సోమవారం కిషోర్ బాబు హేచరీకి పోదువు. రొయ్య పిల్లల బిల్లులు కొట్టేదానికి కంప్యూటర్ కాడ మనిషి కావాలంటున్నాడు. మాటిచ్చేసినా."

హేచరీ చెడ్డదేం కాదు. కిషోర్ బాబు మంచివాడు కూడా. కానీ ఆ కంప్యూటర్లో బిల్లు కొట్టడం తప్ప ఇంకేదీ లేదని, ఒకసారి అక్కడ కూర్చుంటే చదివిందంతా ఉప్పునీళ్ళలో కలిసినట్టేనని సుభాషిణికి తెలుసు. ఇదే ఆఖరి పడవ అనుకుని రైలెక్కింది.

ఆ కంపెనీలోనూ గాజు గదే. అవతల ఇద్దరు కూర్చున్నారు. ఒకావిడ కళ్ళజోడు సర్దుకుని, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంది. సుభాషిణి గొంతులో ముల్లు కదిలింది. నీళ్ళ కోసం చేయి చాచింది. సరిగ్గా అప్పుడే ఆవిడ కూర్చున్న తిరుగుడు కుర్చీ కాస్త కిందికి దిగింది.

సుభాషిణికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. ఆ కళ్ళజోడు ఆవిడ లుంగీ కట్టుకుని ఇసుకలోకి ఒరిగిపోతున్నట్టు కనిపించింది. నవ్వుతో పాటు ముల్లు కూడా ఎటో పోయింది. నవ్వినందుకు క్షమించమని మొదలుపెట్టి, తన పేరు, తన చదువు, రాసిన ప్రోగ్రాములు, అవి ఎక్కడ ఆగిపోయాయో, ఎట్లా బాగుచేసిందో వరసగా చెప్పుకుంటూ పోయింది. వాళ్ళు అడిగింది తెలిస్తే తెలుసంది, తెలియకపోతే తెలియదంది. మీ బలహీనత ఏమిటంటే, "కాదనిపించుకోవడం బాగా అలవాటైపోయింది మేడమ్. రోజూ పొద్దున్నే రిజెక్ట్ అవుతాను" అంది.

"రోజూనా? ఏ కంపెనీలో?"

"మా మామ దగ్గర."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. చివర్లో ఆవిడ చేయి కలిపి, "థాంక్యూ సుభాషిణీ. వి విల్ గెట్ బ్యాక్ టు యూ" అంది.

సుభాషిణి ముఖం వాడిపోయింది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? లేస్తూ లేస్తూ, "నెక్స్ట్!" అని తనే గట్టిగా పిలిచి బయటికి వచ్చేసింది.

బిట్రగుంటలో రైలు దిగగానే టైటస్ ఆటోతో ఎదురొచ్చాడు. "ఏమైంది మే?"

"గెట్‌బ్యాక్ అన్నా."

టైటస్ ఇంకో మాట అడగలేదు. పాలెం చేరేలోపు కబురు పాలెం చేరింది. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ సాగదీయలేదు. "గెట్‌బ్యాకంట" అనుకుని ఎవరి వలలు వాళ్ళు సర్దుకున్నారు. పెంచల్ కిషోర్ బాబుకు ఫోను చేసి సోమవారం పంపిస్తానన్నాడు. పేరమ్మ హేచరీకి కట్టుకుపోయే అన్నానికి కొత్త క్యారియర్ కడిగి ఎండలో పెట్టింది. అయిపోయిన సంగతికి మెయిల్ చూసుకోవడం ఎందుకని సుభాషిణి ఫోన్లో ఆ వైపే పోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పోలేరయ్య పిలిచాడు. "ప్లీజ్ కమిన్. నీ చివరి ఇంటర్వ్యూ గురించి చెప్పు."

సుభాషిణి చెబుతోంది. పోలేరయ్య కుర్చీతో సహా నడుము దాకా దిగిపోయి ఉన్నాడు. ఇంతలో ఫోను మోగింది. చూసి కట్ చేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసింది.

"ఎవరు?"

"క్రెడిట్ కార్డోళ్ళు మామా. మూడు రోజుల్నించి ఒకటే గోల. సున్నా నాలుగు నాలుగుతో మొదలవుతుంది నంబరు."

"అది చెన్నై గదా! నువ్వు ఇంటర్వ్యూకి పోయిందీ ఆడికే గదా! వాళ్ళు చివర్లో ఏమన్నారు? ఉన్నదున్నట్టు చెప్పు."

"వి విల్ గెట్ బ్యాక్ టు యూ అన్నారు."

"తర్వాత నెక్స్ట్ అన్నారా?"

"లేదు. అది నేనే అన్నా."

పోలేరయ్య ముఖంలో రంగు మారింది. లేవబోయాడు. కుర్చీ వదల్లేదు. "లాగు మే! ముందు నన్ను లాగు! వాళ్ళు కొందరికి నిజంగానే గెట్‌బ్యాక్ అవుతారు మే!"

"ఏందీ?"

"ఆ మాటకి అసలర్థం అది కాదు! మళ్ళీ ఫోను చేస్తామని దానర్థం! చేస్తారు కూడా, ఎవరో ఒకరికి! ఇది అదే ఫోను!"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే ఫోను పట్టుకొని కూర్చుంటావని! మా గేటు కాడ చూసినా గదా. ఆ మాట నమ్ముకొని టీ కొట్టు ముందర నిలబడి, తిండీ తిప్పలూ లేకుండా ఆ ఫోను మొహం చూసుకొనే పిల్లకాయలు... నీకు అది వొద్దనుకున్నా. కాదంటే కాదనుకొని ఇంటికొచ్చి అన్నం తింటావని... ముందు లాగు మే!"

టైటస్ పరిగెత్తుకొచ్చి ఒక చేయీ, సుభాషిణి ఒక చేయీ పట్టుకుని లాగితే, పోలేరయ్య బయటికొచ్చాడు, కుర్చీ కూడా ఆయనతోనే వచ్చింది. సుభాషిణి తిరిగి ఫోను చేయబోతే సిగ్నల్ పోయింది. పాలెంలో సిగ్నల్ ఇట్లాగే ఉంటుంది, అవతలివాళ్ళకు అవసరమైనప్పుడు వస్తుంది, మనకు అవసరమైనప్పుడు పోతుంది. నిలకడగా దొరికే చోటు ఒక్కటే, సరుగుడు తోపు వెనకాల ఇసుక దిబ్బ. అక్కడ కూడా మనిషి ఎత్తుకు దొరకదు, ఇంకొంచెం పైన దొరుకుతుంది.

పోలేరయ్య కుర్చీని నెత్తిన పెట్టుకుని దిబ్బ వైపు పరుగు తీశాడు. వెనక సుభాషిణి, ఆ వెనక టైటస్. వీళ్ళ పరుగు చూసి ఏం కొంప మునిగిందోనని పెంచల్, చేతిలో పీతతోనే పేరమ్మ, వాళ్ళ వెనక సగం పాలెం. దిబ్బ మీద కుర్చీ వేసి సుభాషిణిని ఎక్కించారు. అది తిరుగుడు కుర్చీ గదా, తిరిగింది. సిగ్నల్ దక్షిణం వైపుంటే పిల్ల ఉత్తరానికి తిరిగిపోయింది. పెంచల్ కాళ్ళు పట్టుకున్నాడు. టైటస్ సీటు పట్టుకున్నాడు. పోలేరయ్య చక్రం లేని వైపు భుజం ఆనించి, "ముంచబాక తల్లీ, ఈ ఒక్కసారికి ముంచబాక" అని కుర్చీని బతిమాలుతున్నాడు.

మెయిల్ తెరుచుకుంది. మంగళవారం సాయంత్రమే వచ్చి ఉంది. మిమ్మల్ని టెస్టింగ్ విభాగంలో ట్రైనీగా తీసుకుంటున్నాం, శుక్రవారం సాయంత్రంలోగా సమ్మతి తెలపండి, లేకపోతే తర్వాతివారికి ఇస్తాం. సుభాషిణి వెంటనే ఆ 'క్రెడిట్ కార్డోళ్ళ' నంబరు నొక్కింది.

అవతల ఒక అమ్మాయి ఎత్తింది. మీకోసం మూడు రోజులుగా ప్రయత్నిస్తున్నాం, ప్రతిసారీ కట్ చేస్తున్నారు, మీకు ఇష్టం లేదనుకుని తర్వాతి పేరు చూస్తున్నాం అంది.

"లేదు మేడమ్, మా ఊళ్ళో సిగ్నల్..." అని మొదలుపెట్టింది సుభాషిణి.

"కారణాలు చెప్పొద్దు!" అన్నాడు కింది నుంచి పోలేరయ్య.

"ఇష్టమే మేడమ్. వస్తాను" అంది సుభాషిణి.

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. దిబ్బ మీద ఊపిరి బిగబట్టిన సగం పాలెం. పేరమ్మ చేతిలో పీత ఒక్కటే కదులుతోంది. "కంగ్రాచ్యులేషన్స్" అంది అవతలి అమ్మాయి. "వచ్చే సోమవారం జాయినవ్వండి."

"ఏమన్నారు? ఏమన్నారు?" పెంచల్ కాళ్ళు వదిలేశాడు. వదిలేసరికి కుర్చీ గిర్రున తిరిగింది, సుభాషిణి టైటస్ మీద పడింది, టైటస్ పోలేరయ్య మీద పడ్డాడు. కింద నుంచి పోలేరయ్య గొంతు వినిపించింది. "సెలెక్టా?"

"సెలెక్టే మామా!"

పెంచల్ సిగ్నల్ ఉండగానే కిషోర్ బాబుకు ఫోను చేశాడు. "అయ్యా, మా పిల్ల మిమ్మల్ని గెట్‌బ్యాక్ చేసింది" అని చెప్పి పెట్టేశాడు.

ఆ రెండు రోజులూ పాలెంలో ఒకటే చర్చ, టెస్టింగ్ అంటే ఏమిటని. సుభాషిణి చెప్పింది, వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని అని. "దానికి జీతం కూడానా? మీ అమ్మ ఊరికే చేస్తా ఉంది ఇన్నేళ్ళూ!" అన్నాడు పోలేరయ్య.

బయల్దేరే రోజు పొద్దున పేరమ్మ బ్యాగులో ఎండు నెత్తళ్ళ పొడి డబ్బా కూరుతోంది. ఆఫీసులో వాసనొస్తుందమ్మా అని సుభాషిణి తీస్తోంది. పేరమ్మ మళ్ళీ పెడుతోంది. ఆ తీయడం పెట్టడం మధ్యలో సుభాషిణి, "ఊరంతా గెట్‌బ్యాక్ గెట్‌బ్యాక్ అని మామ నా కొంప ముంచబోయినాడమ్మా" అంది నవ్వుతూ.

"ఆ పిచ్చి మీ మామకి ఎప్పుడు పట్టిందో గుర్తుందా నీకు?"

సుభాషిణి డబ్బా పట్టుకుని ఆగింది. గుర్తులేదు. ఎప్పుడూ ఉన్నట్టే ఉంది.

"నువ్వు మొదటి కంపెనీ కాడ నీళ్ళు తాగొచ్చి, గోడకి తిరిగి పడుకున్నావు చూడు, అప్పుడు. నువ్వు లేవవు, తినవు. గడపలో ఒకరి తర్వాత ఒకరు. 'పిల్లకి రాలేదంట గదా, పాపం' అని. మీ మామ వచ్చి చూసినాడు. చెన్నై నుంచి వచ్చినప్పట్నించీ చూర్లో పడేసున్న ఆ కుర్చీ దించుకొని పాక కాడికి పోయినాడు. మొదట మీ నాయన్నే పట్టుకున్నాడు. ఇంటర్వ్యూ చేసి, కాదు పొమ్మన్నాడు. మీ నాయనకి ఎంత రోషమనుకున్నావు! తర్వాత పరామర్శకి వచ్చినోళ్ళను వచ్చినట్టే పట్టుకున్నాడు. పొద్దుగూకేసరికి పాలెంలో గెట్‌బ్యాక్ కాని మనిషి లేడు. ఇంక నిన్ను అడిగేదెవరు? వాళ్ళకీ రాలేదు గదా."

పేరమ్మ డబ్బా కూతురి చేతిలోంచి లాక్కుని బ్యాగులో అడుగున పెట్టి జిప్పు వేసేసింది. సుభాషిణి మళ్ళీ తీయలేదు.

టైటస్ హారన్ కొడుతున్నాడు. సుభాషిణి పాక వెనక్కి పోయింది. పోలేరయ్య చొక్కా బొత్తాలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "ప్లీజ్ కమిన్" అని నోరు తెరిచేలోపు ఆ పిల్ల ఆయన్ని లేపి ఐసు పెట్టె మీద కూర్చోబెట్టి, తను కుర్చీలో కూర్చుంది.

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్, మామా."

ఐసు పెట్టె కిర్రుమంది. పోలేరయ్య నోరు తెరిచాడు. మెడలో తాళంచెవి సర్దుకున్నాడు. నీళ్ళ కోసం అటూ ఇటూ చూశాడు.

"నన్నెవరూ అడగలేదు మే ఇంతవరకు" అన్నాడు చివరికి. "ఆ సెక్యూరిటీ కాంట్రాక్టరోడు ఎత్తు చూసి తీసుకున్నాడు."

"సెలెక్టెడ్" అంది సుభాషిణి.

పోలేరయ్య గభాల్న లేచాడు. "ఏందది? ఒక్క ప్రశ్నకే సెలెక్ట్ చేసేస్తారా? ఒక పద్ధతీ పాడూ ఉండొద్దా! రేపు ఆఫీసులో తప్పులు పట్టేది ఇట్టాగేనా? లే, లే ముందు ఆ కుర్చీలోంచి, మునిగిపోతా ఉండావు." చేయిచ్చి లాగాడు. కళ్ళలో ఇసుక పడిందని గట్టిగా చెప్పి తుడుచుకున్నాడు. గాలి మాత్రం ఆ పూట ఆకు కదిలేంత కూడా లేదు.

టైటస్ మళ్ళీ హారన్ కొట్టాడు. సుభాషిణి నాలుగడుగులు వేసిందో లేదో, "ఇదిగో మే!" అని పిలిచాడు. "ఒక పని చేసిపెట్టాల."

"చెప్పు మామా."

"మీ ఆఫీసులో పాత కుర్చీలు పారేస్తారు. పారేసినప్పుడు ఒక చక్రం పట్టుకురా. నల్లది."

"ఇసుకలో చక్రం తిరగదు గదా మామా. ఎందుకు నీకు?"

"తిరిగేదానికి కాదు. మునిగితే తిన్నగా మునగాల. మీ ఎదురింటి చిట్టక్క కూతురికి ఈ ఏడు కాలేజీ అయిపోతా ఉంది. రేపో మాపో ఏదో కంపెనీకి పోతుంది, ఏడుస్తా వస్తుంది. దాని ముందర వంకరగా కూర్చుంటే మర్యాదగా ఉంటుందా?"

"చూస్తాలే మామా" అంది సుభాషిణి నవ్వుతూ.

"చూస్తాలే అంటే గెట్‌బ్యాకే. అట్ట చెప్పబాక. తెస్తావా, తేవా?"

"తెస్తా."

"ఆ, అట్ట చెప్పు. నల్లది, గుర్తు పెట్టుకో. పో ఇంక, రైలు పోతుంది."